అడగడం మానేసిన కంప్యూటర్

కిందటి వారం వయొలిన్ మాస్టారిని మా కొట్టులో నిలువుటద్దం ముందు, కోటు కాలర్ చెవులకి తగులుతుండగా వదిలేసి వచ్చాను. వారమంతా ఆయన అలాగే నిలబడి ఉన్నారేమోనని బెంగపడిన వాళ్ళెవరైనా ఉంటే కుదుటపడండి, ముందు ఆయన చేత ఆ కోటు విప్పించేద్దాం.

ఆయన సంగీత బృందం మొత్తానికి నల్లకోట్లు కుట్టే పని మా కొట్టుకి వచ్చేలా ఉంది. ముందుగా మచ్చుకి ఒక కోటు కుట్టి చూపించమన్నారు. చూపించాం. మాస్టారు తొడుక్కుని, బాగుందన్నట్టు తల ఊపి, ఎందుకైనా మంచిదని లేని వయొలిన్‌ని భుజం మీద పెట్టుకుని, లేని కమాను పైకెత్తారు. ఆయన చెయ్యితో పాటు కోటంతా లేచింది. నడుం దగ్గర ఉండాల్సిన బొత్తాం గుండెల మీదికి వచ్చింది. ఆయన చాలా మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని కూర్చునే వాళ్ళకైతే ఈ కోటు ఎంతో హాయిగా ఉంటుందన్నారు. రేపు సాయంత్రం మళ్ళీ వస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే వీధి చివరి పెద్ద షాపుకి వెళ్ళక తప్పదనీ చెప్పి, కోటు విప్పి జాగ్రత్తగా కుర్చీకి తగిలించి వెళ్ళారు.

ఆయన గుమ్మం దాటగానే అత్తయ్య నా వైపు తిరిగి అడిగిన ప్రశ్న దగ్గర మనం ఆగాం.

"తల్లి కోటుని ఏం చేశావమ్మాయ్?"

కొత్తగా చదువుతున్న వాళ్ళ కోసం ఒక్క నిమిషం. మాకు కింద కొట్టు, దాని వెనకే వంటిల్లు, పైన ఇల్లు, మధ్యలో మెట్లు. ఆ మెట్ల మీద నేను మా ఆయన్ని 'నువ్వు' అంటాను. ఆఖరి మెట్టు దిగగానే ఆయన 'మీరు' అయిపోతాడు. మధ్యలో అత్తయ్య ఎదురైందా, మాట సగంలో ఉండగానే మర్యాద మార్చుకోవాలి. "నువ్వు తిన్నా... రా అండీ" అని ఒకసారి అనేశాను. ఆ తర్వాత వారం రోజులు ఆయన నన్ను "రా అండీ గారూ" అని పిలిచాడు. పెళ్ళయి ఇంకా కొత్త దుప్పట్ల మడతలైనా పోలేదు కాబట్టి నాకు అదీ ముద్దుగానే ఉంది.

కొట్టులో కిటికీ పక్కన కంప్యూటర్. దాని ముందు నా కుర్చీ. దాన్ని నా కుర్చీ అనుకోవడమంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. నేను కొలతలు దిద్ది మీట నొక్కితే, బల్లంత వెడల్పు ప్రింటర్ నుంచి వెచ్చటి కాగితం మీద ఒక మనిషి భుజం, ఒక మనిషి వీపు మెల్లగా బయటికి వస్తాయి. సుద్దముక్క పెట్టుకోవడానికి నా బట్టలకి జేబు లేదు. చేతిలోనే పట్టుకుని తిరుగుతాను. అందుకే సాయంత్రానికి నా ముక్కు మీదో చెవి మీదో ఒక తెల్లగీత ఉంటుంది. ఎక్కడుందో మా ఆయన నాకు చెప్పడు, తనే తుడుస్తాడు.

ఇక తల్లి కోటు. అది ఎవరిదీ కాని కోటు. మామయ్య కటింగ్ మాస్టారుగా తన వయసంతా పెట్టి దిద్దుకున్న నమూనా. ఎవరు వచ్చినా దాని మీదే వాళ్ళ కొలతలు వేసి, కాగితం తీసి, గుడ్డ కత్తిరిస్తాం. అట్టమీద గీసిన అసలుది గోడకి వేలాడుతుండేదట. వానలకి కప్పు కారి అది ముద్దయిపోయింది. అదృష్టం కొద్దీ అంతకు ముందే అత్తయ్య దాన్ని గీత గీతా కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆ ఏడే మామయ్య కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆయన కత్తెర తీసి మేకుకి తగిలించారు. దాంతోపాటే మాటలూ తగిలించేసినట్టున్నారు. భోజనానికి తప్ప కిందికి దిగరు. నేను ఈ ఇంటికి వచ్చాక నాతో ఆయన అన్నది 'ఊఁ' ఒక్కటే. అన్నం పెట్టనా అంటే ఊఁ. చాలా అంటే ఊఁ. అందులోనూ రకాలుంటాయని మా ఆయన అంటాడు కానీ నాకింకా చెవి కుదరలేదు.

మా కొట్టులో పని నేర్పే పద్ధతి ఒకటుంది. తల్లి కోటు తెరవాలి. వచ్చిన మనిషి కొలతలు వేయాలి. కాగితం తీసుకోవాలి. మూసేయాలి. మూసేటప్పుడు, మార్పులు సేవ్ చేయాలా అని కంప్యూటర్ అడుగుతుంది. వద్దు అనాలి. నేను మొదటిరోజు కుర్చీలో కూర్చున్నప్పుడు అత్తయ్య నా వెనక నిలబడి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మిగతావన్నీ తప్పయినా ఫరవాలేదు, చివర్లో మాత్రం వద్దు అను, తల్లి కోటు ఎవరి కొలతా మోయకూడదు అని.

అందుకే ఆమె అడిగింది మామూలు ప్రశ్న కాదు.

నేనేం చేయలేదన్నాను. అత్తయ్య అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. దువ్వెనతో చిక్కు తీసినట్టు ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడింది. ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది మనిద్దరమే అంది. తను ముట్టుకోలేదంది. తన కొడుక్కి కుట్టుమిషను తప్ప ఇంకో మిషను తెలియదంది. మీ మామయ్య సంగతా, ఆయన ఆ పెట్టె ఉన్న వైపు తలే తిప్పరు అంది.

"కిందటి నెల నువ్వే అన్నావు కదా, చంక కోత కొంచెం కిందికి దించితే తొడుక్కునే వాళ్ళకి వదులుగా ఉంటుందేమోనని."

అన్నాను. నిజమే. కోటు చెయ్యి అతికే ఆ వంపు గురించి అలా అనిపించి అడిగాను. అడిగి ఊరుకున్నాను. కానీ చదువుకున్న కోడలు అడిగి ఊరుకుంటుందని ఏ అత్తగారు నమ్ముతుంది? మా ఆయన మిషను తొక్కడం ఆపేసి, పళ్ళ మధ్య దారం పెట్టుకుని, తల్లి వైపొకసారి నా వైపొకసారి చూస్తున్నాడు. ఆ దారమే లేకపోతే ఏదో ఒకటి అనేవాడు, అని ఇంకా చిక్కుల్లో పడేవాడు.

రేపటికి తల్లి కోటు ఎప్పటిలా కాకపోతే ఈ పెట్టె మూసేద్దామని అత్తయ్య తేల్చేసింది. తను మళ్ళీ అట్ట మీద మొదట్నుంచి గీసుకుంటుందట, ఎన్నాళ్ళు పట్టినా సరేనట. నేను బొత్తాల బల్ల దగ్గర కూర్చోవాలట. కోపం లేకుండా చెప్పింది. సంగీత బృందం వాళ్ళ పని పోతుంది, నా కుర్చీ పోతుంది, అన్నిటికీ మించి ఈ ఇంట్లో నా మాట పోతుంది.

మామయ్యని అడిగితే మళ్ళీ గీసి ఇవ్వలేరా అన్నాను, ధైర్యం చేసి.

అత్తయ్య మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "అడిగితే గీస్తారు. గీస్తూ గీస్తూ ఆగి, ఆ చెయ్యి వైపు చూసుకుంటారు. అది నేను చూడలేనమ్మాయ్."

మా ఆయన పళ్ళ మధ్య దారం తీసి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా నా మొహం అలాగే ఉండటం చూసి, నన్ను నవ్వించాలని మా ఆయన ఆ పాడు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. మాస్టారిలా కమాను ఎత్తాడు. కోటు లేచింది. దించాడు. మళ్ళీ ఎత్తాడు. నాకు నిజంగానే నవ్వొచ్చింది. గుండుసూదుల డబ్బా తెచ్చుకుంటున్న అత్తయ్య కొడుకుని చూసి, సరిగ్గా నిలబడమని కసిరింది.

"సరిగ్గానే నిలబడ్డానమ్మా. కోటే వంగింది."

నిజమే. మనిషి నిటారుగా ఉన్నాడు. కోటు మాత్రం కుడిభుజం దగ్గర కిందికి జారి ఉంది. ఎవరో కనపడని సంచి తగిలించినట్టు.

సంచి.

"అత్తయ్యా, ఇది పోస్ట్‌మ్యాన్ గారి భుజం."

అత్తయ్య దగ్గరికి వచ్చింది. ఏళ్ళ తరబడి ఉత్తరాల సంచి మోసి మోసి పోస్ట్‌మ్యాన్ గారికి కుడిభుజం కొంచెం దిగి ఉంటుంది. ఆయన కోటు కోసం ఆ భుజాన్ని దించిన చెయ్యి నాదే. ఆ మార్పు ఆ కాగితంతోనే అయిపోవాలి. ఇక్కడేం చేస్తోంది? అత్తయ్య వేళ్ళు భుజం మీంచి కిందికి దిగాయి. పొట్ట దగ్గర గుడ్డ పట్టుకుని లాగింది. అంత మడత చేతికి వచ్చింది. "ఇది బేకరీ ఆయన" అంది తనలో తను అనుకుంటున్నట్టు. వీపు మీద చెయ్యి వేసింది. మెడ కింద గుడ్డ గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. పుస్తకాల మీదికి వంగి వంగి గూని వచ్చిన లైబ్రేరియన్ గారి వీపు అది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఉదయం నుంచి ఆమె నా కళ్ళలోకి చూడటం అదే మొదలు.

తర్వాత అత్తయ్య మా ఆయన చెయ్యి ఎత్తించి చంక కోత దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

"రైలు గార్డు" అంది.

పాత దెబ్బ వల్ల ఆయన చెయ్యి భుజం దాటి లేవదు. ఎలాగూ ఎత్తను కాబట్టి చంక బాగా కిందికి, వదులుగా పెట్టమని అడిగి మరీ కుట్టించుకున్నారు. చంక కోత ఎంత పైన, ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే చెయ్యి అంత తేలిగ్గా లేస్తుందట. కిందికి దిగిందంటే చెయ్యితో పాటు కోటునీ ఎత్తుకుపోతుందట. ఇది అప్పుడే నాకు తెలిసింది. నేను కిందటి నెల అడిగిన సందేహానికి జవాబు మా ఆయన ఒంటి మీదే ఉంది. వయొలిన్ వాయించే మనిషికి మేం చెయ్యెత్తలేని మనిషి కోటు తొడిగాం.

"ఇందులో నలుగురున్నారు. ఈ మధ్య కోట్లు కుట్టించుకున్న నలుగురూ" అంది అత్తయ్య.

"నాతో ఐదుగురం" అన్నాడు మా ఆయన. "ఊపిరాడటం లేదు, విప్పెయ్యనా?"

నవ్వేశాం, ముగ్గురం. కానీ ఆ నవ్వు సగంలో అత్తయ్య మొహం మారింది. వీళ్ళంతా తల్లి కోటులోకి ఎలా దూరారు, తను ప్రతిసారీ వద్దు అంటూనే ఉంది కదా అని మొదలుపెట్టి, ఆగి, తన కుడిచేతి చూపుడువేలు వైపు చూసుకుంది. గుర్తు తెచ్చుకుంటోంది. నేనూ గుర్తు తెచ్చుకున్నాను. వద్దు అని నేను ఆఖరుసారి ఎప్పుడన్నాను?

పాత కంప్యూటర్ మీద. అంతే.

పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆయనా కలిసి ఆ పాతదాన్ని మార్చి కొత్తది తెచ్చాం. పాతది పిండిమరలా మోగేది. కొత్తది అసలు ఉందో లేదో తెలియనంత నెమ్మది. తల్లి కోటు మూసేటప్పుడు అది ఏమీ అడగలేదు. అత్తయ్య అప్పుడు ఎంత మురిసిపోయిందో. చెప్పించుకోకుండానే తెలుసుకుంటోంది, నీ మొగుడికంటే నయం అంది. నేనూ మురిసిపోయాను. కొత్తవన్నీ నన్ను మురిపిస్తున్న రోజులవి. అది అడగడం లేదంటే వద్దు అనే జవాబు దానికి ముందే తెలుసునని మేమిద్దరం అనుకున్నాం. దానికి తెలిసిన జవాబు వేరు.

ముగ్గురం కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాం. కోటు విప్పకుండానే మా ఆయన కూడా. తల్లి కోటు తెరిచాను. స్క్రీన్ మీద ఎడమవైపు పై మూలలో, బియ్యపుగింజంత మీట, పక్కన 'ఆటో సేవ్' అనే మాట. రోజూ చూస్తున్నదే. ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటుంది. పచ్చగా ఉంది కదా, అంతా బాగానే ఉందనుకునేదాన్ని. అది వెలుగుతున్నంత సేపూ మేం ఏ గీత జరిపినా, జరిపిన మరుక్షణం, అదే ఫైలు మీద అది రాసేసుకుంటోంది. కరెంటు పోయి పని పోగొట్టుకునే వాళ్ళకి అది వరం. మా పద్ధతికి మాత్రం అది వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ తెచ్చి తల్లి కోటులో కూర్చోబెట్టింది. పోస్ట్‌మ్యాన్ గారి భుజం మీద బేకరీ ఆయన పొట్ట, దాని మీద లైబ్రేరియన్ గారి వీపు.

"అంటే దిద్దింది నువ్వు కాదు" అంది అత్తయ్య.

"మీరూ కాదు" అన్నాను.

మీట జరిపాను. ఆకుపచ్చ పోయి బూడిదరంగు వచ్చింది. అమ్మయ్య అనుకుని వేరే ఫైలు తెరిస్తే మళ్ళీ పచ్చగా నవ్వుతోంది. అక్కడ ఆపితే ఆ ఒక్క ఫైలుకే ఆగుతుందన్నమాట. మొత్తానికి ఆపాలంటే ఇంకా లోపలికి వెళ్ళాలి. మెనూలోకి, అందులో సెట్టింగ్స్‌లోకి, అందులో సేవ్ అన్న పేజీలోకి వెళ్ళాను. వరసగా చిన్న చిన్న గళ్ళు. ఒక గడిలో టిక్కు, దాని పక్కన 'మార్పులను ఎప్పటికప్పుడు తనంతట తానే సేవ్ చేయాలి' అని ఉంది. ఆ టిక్కు తనే తీస్తానంది అత్తయ్య. నేను కుర్చీలోంచి లేచాను. తొడుక్కునే బట్టలో మర్చిపోయిన గుండుసూదిని తీసినంత జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి తీసింది.

పరీక్షించి చూద్దామని ఒక జేబు బొమ్మ తెరిచి, దాని మీద అడ్డంగా ఒక గీత గీసి మూశాను. స్క్రీన్ మధ్యలో ప్రశ్న వచ్చి నిలబడింది. మార్పులు సేవ్ చేయాలా?

ఎన్నాళ్ళకో ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసింది అత్తయ్య. వద్దు మీద నొక్కింది. మళ్ళీ ఒక గీత గీయమంది. మళ్ళీ మూయమంది. మళ్ళీ వద్దంది. ఇంకోసారి చేద్దామంది. మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, చిన్నప్పుడు తను సైకిలు అడిగినప్పుడల్లా కూడా ఇంతే సంతోషంగా వద్దనేదని చెప్పాడు.

ఇకనుంచి సరే. ఇప్పటిదాకా జరిగినదాని సంగతేమిటి? ఆ భయంతోనే వెతికాను. దొరికింది. అడక్కుండా సేవ్ చేసిన కంప్యూటరే, అడక్కుండా ఇంకో మంచిపని కూడా చేసింది. 'పాత రూపాలు' అనే చోట ప్రతి మార్పుకి ముందున్న బొమ్మని తేదీతో సహా దాచి ఉంచింది. ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళాం. మొదట రైలు గార్డు వెళ్ళిపోయారు, చంక పైకి లేచింది. లైబ్రేరియన్ గారు వెళ్ళారు, వీపు చదునైంది. బేకరీ ఆయన వెళ్ళాడు. అత్తయ్య 'వెళ్ళిరండి బాబూ' అని గొణుగుతోంది. ఆఖరికి పోస్ట్‌మ్యాన్ గారు తన సంచి తీసుకుని బయల్దేరారు. అడుగున, కొత్త కంప్యూటర్ వచ్చిన నాటి తేదీ పక్కన, ఎవరిదీ కాని కోటు ఒక్కటే మిగిలింది.

కాగితం తీశాం. అత్తయ్య దాన్ని బల్ల మీద పరిచి, టేపు వేయకుండా ముందు అరచేత్తో నిమిరింది. చంక మలుపు దగ్గర బొటనవేలు నెమ్మదిగా తిప్పింది. తర్వాత టేపు వేసింది, కేవలం మర్యాద కోసం. "ఇదే" అంది. ఆ ఫైలుని చూడటానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా తాళం వేశాను. ఇక పని చేసుకోవడానికి దాని నకలు తీసుకోవాల్సిందే.

అత్తయ్య నాకు క్షమాపణ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఏం చేయాలో తెలియక చచ్చేదాన్ని. తను కూర్చునే దిండు తెచ్చి నా కుర్చీలో వేసి, "బొత్తాల బల్ల దగ్గర వెలుతురు చాలదు, అక్కడ నువ్వెందుకు" అంది. అంతే. నేను ఆ దిండు మీద కూర్చుని, ఎత్తు సరిపోక కాళ్ళు ఊపుకుంటూ, పొద్దు వాలేదాకా ఒళ్ళు తెలియకుండా పని చేశాను.

మర్నాడు సాయంత్రానికి కచ్చా కుట్లతో కొత్త మచ్చు కోటు సిద్ధం. మాస్టారు తొడుక్కున్నారు. ఈసారి తల ఊపలేదు, నేరుగా కమాను ఎత్తారు. చెయ్యి లేచింది. కోటు కదల్లేదు. ఇంకా ఎత్తారు. కాలర్ మెడకి అంటిపెట్టుకుని, బొత్తాం నడుం దగ్గరే ఉంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. లేని వయొలిన్ మీద లేని పాట వాయిస్తూ ఎక్కడికో వెళ్ళిపోయారు. మేం ముగ్గురం గుడ్లప్పగించి చూస్తున్నాం. మా ఆయన కాలు తనకి తెలియకుండానే మిషను తొక్కుడుపలక మీద తాళం వేస్తోంది. చాలాసేపటికి మాస్టారు కళ్ళు తెరిచి, సిగ్గుపడి, కోట్లన్నీ మీరే కుట్టండన్నారు. బృందంలో డోలు వాయించే ఆయనకి మాత్రం పొట్ట కాస్త ఎక్కువని చెప్పి వెళ్ళారు. అత్తయ్య నన్ను చూసింది. నేను అత్తయ్యని చూశాను. "వద్దు అందాం" అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక కత్తెర కింద పెట్టేసింది.

కథ ఇక్కడ ఆపితే ఎంత బాగుండును. కానీ ఆ ఉత్సాహంలో అత్తయ్య ఒక మాట అంది. ఇది మనల్ని అడక్కుండా ఇంకేమేం దాచిందో కూడా చూడమంది.

చూశాను. అలా దాచినవన్నీ చేరే చోట ఒక ఫోల్డర్ ఉంది. 'పేరు లేనివి' అని. ఖాళీ కాగితం తెరిచి ఏదో గీసి, పేరు పెట్టకుండా మూసేస్తే, మామూలుగా అది పోవాలి. ఆటో సేవ్ ఉన్నన్నాళ్ళూ వాటినీ పోనివ్వలేదు. ఏవో నాలుగైదు ఉంటాయనుకున్నాను. బోలెడు ఉన్నాయి. అన్నీ ఆదివారాలవే.

ఆదివారాలు అత్తయ్యా, నేనూ, మా ఆయనా టోకు బజారుకి గుడ్డలు తేవడానికి వెళ్తాం. కొట్టు మూసే ఉంటుంది.

మొదటి బొమ్మలో ఏమీ లేదు. ఒక గీత. చీమ తడబడుతూ నడిచినట్టు ఉంది. రెండోదాంట్లోనూ అంతే. ఎవరో పసిపిల్లలు గీసినట్టుందే అంది అత్తయ్య. ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. గీత మెల్లమెల్లగా కుదురుకుంటోంది. వంపు తిరుగుతోంది. తర్వాత ఆదివారం ఒక కాలర్ వచ్చింది. నా భుజం మీదున్న అత్తయ్య చెయ్యి బిగుసుకుంది.

"ఈ మలుపు..." అంది. వేలితో స్క్రీన్ మీద ఆ వంపునే దిద్దింది.

ఆఖరి బొమ్మ తెరిచాను. ఆడవాళ్ళ కోటు. నాజూకుగా, నడుం దగ్గర నొక్కినట్టు, కాలర్ ఒక పక్కకి వాలి. ముందు భాగం, వీపు, కుడిచెయ్యి ఉన్నాయి. ఎడమచెయ్యి గీయనే లేదు. లోపలివైపు, గుండె దగ్గర, ఒక చిన్న జేబు. చేతిరుమాలు పట్టదు, నాణేల సంచీ పట్టదు. ఇంత చిన్న జేబులో ఏం పెట్టుకుంటారనుకున్నాను. అనుకుంటూ నా చేతిలో ఉన్న సుద్దముక్క వైపు చూశాను.

అత్తయ్య పక్కనున్న కొలతలు పైకి చదివింది. భుజం. చెయ్యి. నడుం. మెడలోంచి టేపు తీసి, నన్ను లేవమనైనా అనకుండా నా భుజం మీద పెట్టింది. తర్వాత చెయ్యి పొడవునా పరిచింది. టేపు నెమ్మదిగా మడిచింది.

"నీ కొలతలు ఎవరు తీశారు?"

ఎవరూ తీయలేదు. ఈ ఇంట్లో నా మీద టేపు పెట్టడం ఇదే మొదలు. మనిషిని చూసి కొలత చెప్పగలిగిన వాళ్ళు ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు. అన్నం పెట్టనా అంటే ఊఁ అని, చాలా అంటే ఊఁ అని, నా వైపు ఎప్పుడు చూశారో కూడా తెలియకుండా చూసిన మనిషి.

అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ప్రతి సోమవారం పొద్దున నేను వచ్చేసరికి మౌస్ కీబోర్డుకి ఎడమపక్కన ఉంటుంది. మా ఆయన అల్లరి అనుకుని కుడివైపుకి జరుపుకునేదాన్ని. అడిగితే, నాకేం తెలీదనేవాడు. అలా అనేటప్పుడు అచ్చం అబద్ధం చెప్పేవాడిలా ముద్దుగా ఉంటాడని నేనే నమ్మలేదు.

ఎడమచెయ్యి వణకదు.

మెట్ల మీద చప్పుడైంది. భోజనం వేళ కాదు. మామయ్య ఆఖరి మెట్టు మీద నిలబడి ఉన్నారు. ఆయన చూపు మా ముగ్గురినీ దాటి స్క్రీన్ మీదికి వెళ్ళింది. కుడిచెయ్యి వెనక దాచుకోవడం అలవాటు ఆయనకి. ఈసారి రెండో చెయ్యి కూడా వెనక్కి వెళ్ళింది.

"అది పోయిందనుకున్నాను" అన్నారు.

ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. మా ఆయన కుట్టుమిషను మీంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. అత్తయ్య ఏదైనా అంటుందని చూశాను. ఇన్నాళ్ళూ దాచినందుకు నిష్ఠూరమో, కన్నీళ్ళో. ఆమె గొంతు సర్దుకుని, కొట్టులో పనివాళ్ళని అడిగే మామూలు గొంతుతో అడిగింది.

"ఎడమచెయ్యి గీయలేదేం?"

మామయ్య నా వైపు చూశారు. చూసీ చూడనట్టు కాదు, నిజంగా చూశారు.

"మూసెయ్ అమ్మాయ్. అడుగుతుంది కదా ఇప్పుడు. వద్దు అను."

ఈ ఇంటికి వచ్చాక ఆయన నాకు చెప్పిన మొదటి పని. కాదనడానికి నోరు రాలేదు. మూసే గుర్తు మీద నొక్కాను. నిన్న నేనే మాట నేర్పిన కంప్యూటర్ బుద్ధిగా అడిగింది. మార్పులు సేవ్ చేయాలా? కింద అవును, పక్కన వద్దు. ఆటో సేవ్ ఆపేశాం. పేరు పెట్టని బొమ్మ కదా, ఇప్పుడు వద్దంటే నిజంగానే పోతుంది. ఆదివారాల వెనక ఆదివారాలు ఎడమచేత్తో నేర్చుకున్న ఆ మలుపు, సుద్దముక్క పట్టే ఆ జేబు, రెండూ.

నేను ఏదీ నొక్కలేదు. మౌస్ వదిలేశాను. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వైరు చుట్టుకోకుండా జరిపి, కీబోర్డుకి ఎడమవైపు పెట్టాను. పోగొట్టుకుంటానని నిన్నంతా ఏడుపు దిగమింగుకున్న నా కుర్చీలోంచి, అత్తయ్య వేసిన దిండు మీంచి లేచి, పక్కకి తప్పుకున్నాను.

కుర్చీ ఖాళీగా ఉంది. స్క్రీన్ మీద ప్రశ్న అలాగే నిలబడి ఉంది. మామయ్య ఎడమచెయ్యి వీపు వెనకనుంచి మెల్లగా బయటికి వచ్చి మెట్ల కమ్మీని పట్టుకుంది. పైకి వెళ్ళడానికి పట్టుకున్నారో, కిందికి దిగడానికో, మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.